అదియేనా, వేఱొక్కటియా?

కృష్ణయు తుంగభద్రయు కలసికొను చోట, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని కూడవెల్లి గ్రామమున, బాదామి చాళుక్యుల కాలమున, అనగా 7వ శతాబ్దమున వెలసిన సంగమేశ్వరాలయము, వేయి మూడువందల ఏండ్లు రెండు నదుల వరదలను చూచుచు నిలిచియుండి, శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలువనున్నదని తేలిన పిమ్మట, తాను చూచిన నీటిలోనే మునిగిపోవలసిన స్థితికి వచ్చినది. పురావస్తుశాఖవారు దానిని మునుగనీయలేదు. ప్రతి రాతికిని ఒక అంకె వేసి, ఏ వరుసలో ఏ రాతి ప్రక్కన ఏ రాయి కూర్చున్నదో పటములలో గుర్తించి, శిఖరము మొదలుకొని పునాదివఱకు విప్పి, ఆ శిలలను అలంపురమునకు చేర్చి, పునాది మొదలుకొని శిఖరమువఱకు తిరిగి పేర్చిరి. పాపనాశి గుళ్ల సముదాయమును కూడ ఇట్లే ముంపునుండి తప్పించిరి. తుంగభద్ర యొడ్డునున్న నవబ్రహ్మాలయములు మాత్రము కదలలేదు. వానికి అడ్డుగా పెద్ద కట్టను కట్టిరి.

నేడు అలంపురమున ఆ గుడి ముందు నిలుచున్న యాత్రికునికి "ఇది చాళుక్యుల నాటి గుడి" అని చెప్పినచో ఆ మాట సత్యమా? రాళ్లు ఆ నాటివే. చెక్కడము ఆ నాటిదే. కాని ఈ నేలమీద ఈ రాళ్లను పేర్చినవారు చాళుక్య స్థపతులు కారు. ఈ గోడ లేచి కొన్ని దశాబ్దములే అయినది. మార్పును గూర్చి తత్త్వవేత్తలు రెండువేల ఐదువందల ఏండ్లుగా వాదించుచున్న చిక్కుప్రశ్నలన్నిటికిని మూలమైన ప్రశ్న ఇదియే: మాఱినది అనుటకు మాఱని దేదియో ఒకటి ఉండవలెను గదా, అది యేది?

గ్రీకుదేశమున ఈ ప్రశ్న ఒక ఓడను ఆశ్రయించి పుట్టినది. థీసియసు అను వీరుడు ఎక్కి వచ్చిన ఓడను ఏథెన్సు పౌరులు తరతరములుగా కాపాడుకొనుచు, పలక చివికినపుడెల్ల దానిని తీసి క్రొత్త పలకను వేయుచుండగా, అది ఆ ఓడయే అని కొందఱును, కాదని కొందఱును వాదించుకొనిరని ప్లూటార్కు వ్రాసినాడు. 1655లో ఆంగ్లేయ తత్త్వవేత్త థామస్ హాబ్స్ ఈ చిక్కును మఱింత బిగించినాడు. తీసివేసిన పాత పలకలను ఎవరో ఒకరు దాచియుంచి, వానినన్నిటిని పూర్వపు వరుసలోనే కూర్చి మఱియొక ఓడను చేసినచో, ఆ రెంటిలో థీసియసు ఓడ యేది? పౌరులు ఎడతెగక మరమ్మతు చేయుచు వచ్చినదా, పాత కలపతో క్రొత్తగా లేచినదా? హాబ్స్ ఊహలో కట్టిన ఈ రెండవ ఓడయే కూడవెల్లి సంగమేశ్వరాలయముగా మన కంటికి కనబడుచున్నది.

ఇందు ఇంకొక సూక్ష్మమున్నది. దీనిపై కొంత నిలువవలెను. రాళ్లు విప్పిన దినమునకును తిరిగి పేర్చిన దినమునకును నడుమ, అవి వరుసలుగా నేలపై పఱచియున్న కాలమున, గుడి యెచ్చట నున్నది? లేదు అన్నచో, ఒకసారి నశించిన వస్తువు మరల పుట్టిన దనవలెను. అట్లు పుట్టినది పూర్వపు వస్తువెట్లగును? ఉన్నది అన్నచో, కప్పును గర్భగృహమును లేని రాళ్ల వరుసలను గుడి యనవలెను. మన న్యాయవైశేషికులు ఈ విషయమున మిక్కిలి కఠినులు. వారి మతమున అవయవములు వేఱు, అవయవి వేఱు. దారములు వేఱు, వస్త్రము వేఱు. అవయవముల సంయోగము నశించిన క్షణముననే అవయవియు నశించును. తిరిగి కూర్చినపుడు పుట్టునది నూతనావయవి. వారి లెక్కలో అలంపురపు గుడి మన తాతల కాలమున లేదు. బౌద్ధులు అంతకంటెను ముందుకు పోయి, అవయవి యనునది అసలే లేదనియు, ఉన్నవి రాళ్లే యనియు, వానియందును క్షణక్షణము పుట్టి గిట్టు ధర్మములే తప్ప నిలుకడ లేదనియు చెప్పిరి. "వాడే ఈ దేవదత్తుడు" అను ప్రత్యభిజ్ఞ మనకు నిత్యము కలుగుచున్నది గదా అని నైయాయికులు అడుగగా, కత్తిరించిన తరువాత పెరిగిన వెండ్రుకలను చూచి కూడ అవియే అందురు, పోలిక వలన కలుగు భ్రాంతి అది అని వారు బదులిచ్చిరి.

నాకు తోచునది వేఱు. ఆ మధ్యకాలమున గుడి కొంత రాళ్లయందును కొంత ఇంజనీర్ల పటములయందును ఉన్నది. ద్రవ్యము రాళ్లలో నుండెను. క్రమము కాగితముపై నుండెను. ఆ పటములు కాలిపోయియున్నచో రాళ్లన్నియు భద్రముగా నున్నను గుడి తిరిగి వచ్చెడిది కాదు. ద్రవ్యము, దాని క్రమము అను ఈ భేదమును అరిస్టాటిల్ ఎన్నడో గుర్తించినాడు. ఆధునిక విజ్ఞానము దానికి చేర్చిన విశేషమేమనగా, క్రమమును కొలువవచ్చును, వ్రాసిపెట్టవచ్చును, ఒక చోటినుండి మఱియొక చోటికి పంపవచ్చును.

కూడవెల్లికి ప్రతిరూపమైన ఉదాహరణము పూర్వపు నల్లగొండ జిల్లాలో యాదగిరిగుట్టపై నున్నది. అచ్చట 2016లో ప్రారంభమైన పునర్నిర్మాణమున కొండగుహలోని స్వయంభూ మూర్తులున్న గర్భాలయమును కదలింపక, దాని చుట్టునున్న మండపములను గోపురములను తీసి, కృష్ణశిలతో క్రొత్తగా కట్టిరి. ఆ ఏండ్లలో నిత్యపూజలు బాలాలయమున జరిగినవి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగి స్వామి దర్శనము ప్రధానాలయమున తిరిగి ప్రారంభమైనది. కూడవెల్లిలో రాళ్లు నిలిచినవి, చోటు మాఱినది. యాదగిరిగుట్టపై చోటు నిలిచినది, రాళ్లు మాఱినవి. భక్తులు మాత్రము ఒక్కనాడైనను "ఇది మఱియొక గుట్ట" అనలేదు. ఆగమశాస్త్రము ఈ చిక్కును ముందే ఊహించి, జీర్ణోద్ధారణకు పూర్వము దేవతాకళను కుంభమునందు ఆకర్షించి, పని ముగిసిన పిమ్మట తిరిగి మూర్తియందు నిలుపు విధిని ఏర్పఱచినది. మధ్యకాలమున దేవుడెచ్చట అను ప్రశ్నకు చోటు లేకుండ చేసినది.

శ్రీశైల జలాశయమునకు ఆవలి యొడ్డున, కర్నూలు వైపు సంగమేశ్వరమున, మూడవ విధము కలదు. వేపకఱ్ఱతో చేసిన లింగమున్న ఆ గుడిని ఎవరును తరలింపలేదు. అది ప్రతి సంవత్సరము నీట మునిగి, జలాశయము తగ్గినపుడు బయటపడును. దాని రాళ్లును మాఱలేదు, చోటును మాఱలేదు. కాని సంవత్సరములో పెద్దభాగము పూజ లేదు, దర్శనము లేదు. ఒకే జలాశయము అంచున ఈ రెండు గుళ్లను చూచిన వారెవరును రాతియే గుడి యనియో, చోటే గుడి యనియో తేలికగా తీర్మానింపజాలరు.

కనుక "అదియేనా" అను ప్రశ్న అంతటితో పూర్తి కాదు. ఎవరి పనికి అను మాట చేరినగాని దానికి సమాధానము దొరకదు. చాళుక్య శిల్పమును అభ్యసించు విద్యార్థికి కూడవెల్లి గుడి ముమ్మాటికి అదియే. సంగమమునకు ఎంత ఎత్తున కట్టిరో, ఏ దిక్కుగా నదిని చూచునట్లు నిలిపిరో, క్రింద పూర్వపు కట్టడపు ఆనవాలు కలదో లేదో తెలిసికొనదలచిన చరిత్రకారునికి అందులో సగము నదిలోనే ఉండిపోయినది. సత్యము ఎవరికి తోచినట్లు వారిదని దీని యర్థము కాదు. విద్యార్థికి కావలసినదేదో, చరిత్రకారునికి కావలసినదేదో స్పష్టముగా చెప్పిన పిమ్మట ఇద్దఱి సమాధానములును పరీక్షకు నిలుచును.

రాతి సంగతి ఇట్లుండగా, ప్రాణమున్న వస్తువుల సంగతి మఱింత విచిత్రము. మహబూబ్‌నగర్ పట్టణము చెంతనున్న పిల్లలమఱ్ఱి వయస్సు సుమారు 700 ఏండ్లని చెప్పుదురు. దాదాపు 3 ఎకరముల మేర అది విస్తరించినది. దాని మొదటి మ్రాను ఏదని అడిగినచో చూపగలవారు లేరు. మఱ్ఱిజాతి లక్షణమే అట్టిది: కొమ్మలనుండి వ్రేలాడు ఊడలు నేలను తాకి వేళ్లూని, లావెక్కి, తామే మ్రానులై కొమ్మను మోయును, తరువాత మొదటి మ్రాను పోయినను చెట్టునకు లోటు లేదు. కలకత్తా చెంత శివపురపు వృక్షవాటికలోని మహావటమునకు శిలీంధ్రము సోకగా 1925లో దాని మూలకాండమును తొలగించిరి; చెట్టు నేటికిని పెరుగుచున్నది. ఇచ్చట పలకలు మార్చు వడ్రంగి వెలుపల లేడు. ఓడయే తన పలకలను తాను మొలిపించుకొనుచున్నది.

2017 డిసెంబరులో పిల్లలమఱ్ఱి కొమ్మ విరిగిపడినది. చెదలు లోపలికి తొలిచియుండుట గమనించి, సందర్శకులను ఆపివేసి, మరుసటి సంవత్సరము అటవీశాఖవారు కాండమునకు రంధ్రములు చేసి, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, చెదలమందు కలిపిన ద్రవమును సీసాలనుండి బొట్టుబొట్టుగా ఎక్కించిరి. విఱుగనున్న కొమ్మలకు ఆనికలు కట్టిరి. వారు కాపాడినది దేనిని? ఈ పని జరుగునప్పటి కణములలో 700 ఏండ్లనాటి సజీవకణము ఒక్కటియు ఉండుట అసంభవము. జన్యుపదార్థము ఒక్కటే గదా అందమా, ఈ చెట్టు కొమ్మను తెచ్చి మఱియొక ఊరిలో నాటినచో దానియందును ఆ జన్యుపదార్థమే యుండును. దానిని ఎవరును పిల్లలమఱ్ఱి యనరు. ఒక ఊడనుండి మఱియొక ఊడకు తెంపులేక సాగివచ్చిన జీవక్రియయే, రసప్రవాహమే, ఆ చెట్టు. కూడవెల్లి గుడిని విప్పి కూర్చినట్లు మఱ్ఱిని విప్పి కూర్చుటకు వీలులేదు; ప్రాణికి మధ్యకాలము లేదు.

మార్పును గూర్చి ఈ నేలపై అందఱికంటె లోతుగా ఆలోచించినవానిగా పరంపర చెప్పునది ఆచార్య నాగార్జునుని. నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్టకును, దాని నీటిలో ద్వీపముగా నిలిచిన కొండకును ఆయన పేరే నిలిచినది. ఆ లోయలోని విజయపురి అవశేషములను కూడ 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, కొన్నింటిని కొండపైకిని కొన్నింటిని అనుపునకును తరలించిరి. నాగార్జునుని మూలమధ్యమకకారికలో 27 ప్రకరణములు కలవు. అందు రెండవది గతాగత పరీక్ష. నడచిన దారిలో నడక ముగిసినది. నడువని దారిలో నడక ఇంకను లేదు. ఈ రెండును కాని దారి యేది, నడక అచ్చట నెట్లుండును అని ఆయన విచారణ. అంతకు ఆఱేడు శతాబ్దములకు పూర్వము దక్షిణ ఇటలీ తీరమున ఎలియా నగరవాసి జీనో, ఎగురుచున్న బాణము ప్రతిక్షణమునందును ఒకానొక చోటనే యుండును గనుక అది ఎన్నడును కదలదని వాదించినాడు. ఈ రెండు వాదములకును 19వ శతాబ్దపు గణితవేత్తలు ఇచ్చిన సమాధానము మనకు తెలిసినదే: వేగము ఒంటరి క్షణమునకు చెందిన గుణము కాదు, ఆ క్షణమునకు ముందువెనుకల నున్న స్థానముల సంబంధమునుండి అవధిగా లభించు రాశి.

ఐనను నాగార్జునుని ముఖ్యసిద్ధాంతము అంతకంటె బలమైనది. వస్తువునకు తనకు తానై యుండు మార్పులేని స్వభావమున్నచో అది ఎన్నడును మాఱజాలదు. పాలకు పాలతనము స్వభావమైనచో పెరుగు పుట్టదు. పాలే పెరుగన్నచో పాలయందే పెరుగు కనబడవలెను. పాలు కాని దేదో పెరుగైన దన్నచో పాలతో మనకు పని లేదు. కాబట్టి నిస్స్వభావతయే, ఆయన శూన్యత యని పిలిచినదే, మార్పునకు వీలు కల్పించుచున్నది. ఈ ఉదాహరణమును ప్రయోగశాలలో చూతము. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చుచుండును. పాలలోని కేసీను కణములు ఋణావేశము వలన ఒకదానినొకటి నెట్టుకొనుచు విడివిడిగా తేలుచుండగా, ఆమ్లము పెరిగి పీహెచ్ విలువ 4.6 దిశగా దిగుకొలది ఆ ఆవేశము తగ్గి, కణములు ఒకదానికొకటి అంటుకొని గుంపులగును. పాత్ర యొక్క ఈ అంచునుండి ఆ అంచువఱకు గుంపులు కలసి ఒకే వల ఐనపుడు పెరుగు తోడుకొన్నదందుము. ఆమ్లము మెల్లమెల్లగా పెరిగినది. వల మాత్రము కొద్దికాలములోనే ఏర్పడినది. పెరుగుతనము ఏ ఒక్క కణమునందును లేదు, కణముల పొందికయందున్నది. ఇంత స్పష్టముగా నాగార్జునుని పక్షమున సాక్ష్యమిచ్చు వస్తువు మన వంటింటిలో మఱియొకటి లేదు.

కాని మార్పులన్నియు పెరుగువలె ఒక ఘట్టమున గడ్డకట్టి మనకు కబురు చెప్పవు. ఏ గీటును దాటకుండనే ఒక స్థితినుండి మఱియొక స్థితికి చేర్చు మార్పులున్నవి; వీనిని గూర్చినదే క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున మిలేటస్ నగరపు యూబులిడీస్ పేర చెప్పబడుచున్న రాశి సమస్య. ఒక్క గింజ రాశి కాదు. రాశి కానిదానికి ఒక్క గింజ చేర్చినంతమాత్రమున రాశి కాదు. కావున ఎన్ని గింజలు చేర్చినను రాశి కారాదు. కల్లములో పల్లికాయ పోసిన పాలమూరు రైతు ఈ వాదమునకు చిక్కడు; అతడు అది రాశియా కాదా అని అడుగక, కుంచము తెచ్చి కొలుచును.

పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నేల చాలవఱకు యూబులిడీసు సమస్యయే. సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు, నైసు శిలలు ఎండకు వానకు పగిలి, పొరలు విడిచి, గుండ్లై, మొరమై, కడపట ఎఱ్ఱని చెల్క నేలగా మాఱుచున్నవి. ఏ తరమువాడును రాయి మన్నగుట చూడలేదు. చెల్కలో నాగలి దిగుచునే యున్నది. ఈ నెమ్మదియైన మార్పులో రాతినుండి విడివడు పదార్థములలో ఒకటి ఫ్లోరైడు. గ్రానైటులోని బయోటైటు, ఎపటైటు, ఫ్లోరైటు ఖనిజములలో నుండి, సున్నపు అంశము తక్కువై క్షారగుణము ఎక్కువైన భూగర్భజలములోనికి అది దిగును. బోరుబావులు లోతునకు పోయినకొలది, రాతితో ఎక్కువకాలము కలసియున్న నీటినే పైకి తెచ్చినవి. మునుగోడు, మఱ్ఱిగూడ, చండూరు ప్రాంతములలో వంగిన నడుములు, గారపండ్లు, బిగిసిన కీళ్లు ఆ నీటి ఫలము.

ఏ నీరు మంచిది, ఏ నీరు విషము? లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. దానికి మించినచో పండ్లపై మచ్చలు వచ్చు అవకాశము పెరుగును. 3 నుండి 6 మిల్లీగ్రాముల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకల మార్పులు కనబడవచ్చును. 10 దాటినచో మనిషిని వికలాంగుని చేయు తీవ్రరూపము కలుగవచ్చును. 1.5కును 1.6కును నడుమ ప్రకృతిలో గోడ లేదు. ఎంత నీరు త్రాగుదురు, ఎంత వేడి ప్రాంతము, ఆహారమెట్టిది అనువానిని బట్టి ఒకే నీరు ఒకరికి తక్కువ హాని, మఱియొకరికి ఎక్కువ హాని చేయును. గీటు మనుష్యులు గీసినది. ఐనను అది కల్పితమని కొట్టివేయరాదు. గీటు లేనిచో "ఇంకొక బొట్టుతో ఏమగును" అను యూబులిడీసు తర్కమే నాయకులకును అధికారులకును సాకుగా నిలుచును, ఊరు ఊరంతయు వంగిపోవును. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి కలియబెట్టి, ఫ్లోరైడును అడుగునకు దింపి నీటిని తేర్చు విధానమును రూపొందించిరి. అది నల్లగొండ పద్ధతి యను పేర ఆఫ్రికా దేశములవఱకు పోయినది.

ఎముకలో జరుగునదేమో చూచినచో, ఓడ సమస్యయు రాశి సమస్యయు ఒక్క చోట కలసికొనును. ఎముక నిర్జీవమైన స్తంభము కాదు. పాత భాగమును కరిగించు కణములును క్రొత్త భాగమును కట్టు కణములును ఎడతెగక పనిచేయుటచే పెద్దవారి అస్థిపంజరములో ఏటేట సుమారు పదవ వంతు క్రొత్తదగుచుండును. థీసియసు ఓడ మన మేనిలోనే యున్నది. పాత పలకకు బదులు అట్టి పలకయే వచ్చినంతకాలము ఎముక అదియే. త్రాగు నీటిలో ఫ్లోరైడు ఎక్కువైనచో, ఎముక ఖనిజమైన హైడ్రాక్సీ ఎపటైటులోని హైడ్రాక్సిల్ స్థానమున దాదాపు అంతే పరిమాణముగల ఫ్లోరైడు అయాను కూర్చుండును. స్ఫటికము మునుపటికంటె స్థిరమై, త్వరగా కరుగనిదగును. ప్రతి మరమ్మతునందును ఒక పలక కొంచెము వేఱుగా వచ్చుచున్నది. ఏ ఒక్క దినమునను ఎముక మాఱినదని చెప్పుటకు వీలు లేదు. ఇరువది ఏండ్లకు అది మిక్కిలి దట్టమై, ఐనను పెళుసై, స్నాయువులు సైతము ఎముకగా గట్టిపడి, వెన్ను వంగక నిలువక బిగిసిపోవును. ఓడ అదియే యని అందఱును చెప్పుచుండగనే ప్రయాణము చేయజాలని ఓడ తయారగుచున్నది.

ఫ్లోరైడు తక్కువైన నీరు వచ్చిన పిమ్మట ఈ పని కొంత వెనుకకును నడచును. క్రొత్త పలకలు మంచివి గనుక ఎముకలో చేరినది ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోవును, గట్టిపడిన స్నాయువులు మాత్రము తిరిగి మెత్తబడవు. పంటి పింగాణీకి ఆ అవకాశమే లేదు. దానిని కట్టిన కణములు పన్ను మొలుచునప్పటికే నశించును. కనబడు పండ్ల పింగాణీ సుమారు ఎనిమిదేండ్ల వయస్సులోపల ఏర్పడి, ఆ కాలమున త్రాగిన నీటి లెక్కను జీవితాంతము తనలో దాచుకొనును. కృష్ణా జలములు మఱ్ఱిగూడ ప్రాంతపు ఇండ్లకు నల్లాల ద్వారా చేరిన తరువాత పుట్టిన బిడ్డలు ఇప్పుడు బడికి పోవు వయస్సునకు వచ్చుచున్నారు. వారి ముందటి శాశ్వతదంతములను ఏటేట పరీక్షించి, వయస్సును, త్రాగిన నీటిని, మచ్చల తీవ్రతను ఒక పట్టికలో వ్రాసినచో, పెద్దల ఎముకల చిత్రములు ఇరువది ఏండ్లకు చెప్పునట్టి సంగతిని ఆ పట్టిక కొద్ది ఏండ్లలోనే చెప్పును. నల్లాలోని నీటితో పాటు ఇంటి బోరునీరు ఇంకను వంటకు వాడుచున్న ఇల్లేదో కూడ అందులోనే తేలును.